యూరిన్ టెస్టు రాశారా? శాంపిల్ నుంచి బిల్లు దాకా ఏం చూసుకోవాలి

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా డాక్టర్ చీటీల్లో తరచూ కనపడే మూడక్షరాలు సీయూఈ. కంప్లీట్ యూరిన్ ఎగ్జామినేషన్ అన్నమాట. సూదిపోటు లేదు, ఖర్చూ తక్కువే. అందుకేనేమో డబ్బా చేతికిచ్చి బాత్‌రూమ్ వైపు చెయ్యి చూపిస్తారు తప్ప, ఎలా పట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. శాంపిల్ సరిగా పట్టకపోతే రిపోర్టే మారిపోతుంది.

శాంపిల్ ఇచ్చేటప్పుడు

ల్యాబువాళ్లిచ్చిన డబ్బానే వాడండి. ఇంట్లో కడిగిన సీసాలో సబ్బు అంటు మిగిలినా ఫలితం తేడా రావచ్చు. పొద్దున లేవగానే వచ్చే మూత్రం చిక్కగా ఉంటుంది కాబట్టి అదైతే మేలు. ముందు నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, నడిమి ధార పట్టాలి. ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. లేదంటే తెల్లబట్ట కలిసి, లేని ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు పస్ సెల్స్ (చీము కణాలు) ఎక్కువ కనపడతాయి. నెలసరి నడుస్తుంటే వాయిదా వేయొచ్చేమో డాక్టర్ని అడగండి, కుదరకపోతే కౌంటర్లో ఆ మాట చెప్పండి.

పట్టిన రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. మే నెల బెజవాడ ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరిగితే డబ్బాలోనే బ్యాక్టీరియా పెరుగుతుంది, కణాలు చితికిపోతాయి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

చీటీలో కల్చర్ అని కూడా ఉంటే అది వేరే పరీక్ష, మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసేది. దానికి స్టెరైల్ (క్రిములు లేని) డబ్బా అడిగి తీసుకోవాలి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి.

రిపోర్టు చేతికొచ్చాక

రంగు, చిక్కదనం ఒక భాగం. ప్రొటీన్, షుగరు, కీటోన్స్ లాంటివి రెండోది. మైక్రోస్కోప్‌లో చూసిన కణాలు మూడోది. పస్ సెల్స్ 0 నుంచి 5 దాకా సాధారణంగా మామూలే. ఎనిమిదో పదో ఉన్నాయని, మంటా జ్వరమూ ఏమీ లేకుండానే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. వద్దు. గర్భిణులైతే మాత్రం ఏ లక్షణమూ లేకపోయినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

షుగరు పేషెంట్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మందులు చక్కెరను మూత్రంలోకి పంపేసే పని చేస్తాయి. అవి వాడేవాళ్ల రిపోర్టులో షుగరు మూడు ప్లస్సులున్నా కంగారు అక్కర్లేదు. రెండోది, ప్రొటీన్ నిల్ అని ఉందని కిడ్నీలు భేష్ అనుకోకూడదు. తొలిదశ నష్టం సీయూఈకి అందదు. దానికి ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూసే పరీక్ష విడిగా ఉంది, ఏడాదికోసారి చేయించుకోవాలి.

బిల్లు దగ్గర

సీయూఈ ఒకే పద్దు. యూరిన్ షుగర్, ఆల్బుమిన్, మైక్రోస్కోపీ అన్నీ అందులోనే ఉన్నాయి. సీయూఈ కింద మళ్లీ అవే విడివిడిగా వేస్తే ఎందుకని అడగండి, మొహమాటం అక్కర్లేదు. ఇక ల్యాబు పరీక్షల మీద జీఎస్టీ లేదు, బిల్లులో కనపడితే అదీ అడగాల్సిందే.

ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు చీటీ, ఒరిజినల్ బిల్లు, రిపోర్టు మూడూ దాచుకోండి. ఓపీ ఖర్చు చాలా పాలసీలు ఇవ్వవు. కానీ అదే జబ్బుకి తర్వాత ఆస్పత్రిలో చేరితే, చేరకముందు 30 రోజుల్లో చేయించిన పరీక్షల డబ్బు చాలా పాలసీల్లో తిరిగొస్తుంది. అందుకని మూడు కాగితాల మీదా పేరు ఒకేలా ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. తేడా ఉంటే అక్కడికక్కడే దిద్దించుకోవచ్చు.