పాడి ఇంట్లో పుట్టి పాలు మానడం: నేను చేసిన పద్ధతి

మా నాన్నకు నాలుగు గేదెలు ఉండేవి. పల్నాడులో మా ఊళ్లో తెల్లవారుజామున పాల కేంద్రానికి పాలు పోసి వచ్చాకే ఇంట్లో ఎవరికైనా కాఫీ. పెరుగన్నంతో ముగియని భోజనం మా అమ్మ దృష్టిలో భోజనమే కాదు. అందుకే పోషకాహార శాస్త్రవేత్త కాలిన్ క్యాంప్‌బెల్ గురించి చదివినప్పుడు ఆయన పరిశోధన కంటే ముందు ఆయన పుట్టిన ఇల్లు నన్ను పట్టుకుంది. అమెరికాలోని వర్జీనియాలో పాడి రైతు కొడుకు. 1934లో పుట్టారు. పాలు పితుకుతూ, పాలను మించిన ఆహారం లేదని నమ్ముతూ పెరిగారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ కోసం ఆయన పట్టుకున్న పని కూడా పశువులను త్వరగా ఎదిగేలా చేయడం, మనుషులకు ఇంకా ఎక్కువ పాలు, మాంసం అందించడం. అలాంటి మనిషి మొక్కల ఆహారం వైపు తిరిగారంటే ఊరికే తిరిగి ఉండరనిపించింది.

ఆయన్ని తిప్పింది వేరుశనగ. ఫిలిప్పీన్స్‌లో బక్కచిక్కిన పిల్లలకు చవకగా ప్రొటీన్ అందించే పథకంలో పనిచేసేటప్పుడు, వేరుశనగకు పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుందనీ, అది కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుందనీ తెలిసి ఆ సమస్య మీద పడ్డారు. మంచి గుళ్లు ఏరి సీసాల్లో అమ్మి, మిగిలిన ముడతల గుళ్లను వెన్నలా రుబ్బి అమ్మేవాళ్లట. విషం ఎక్కువగా ఆ ముద్దలోనే. అయితే ఆ క్యాన్సర్ బాగా తినే ఇళ్ల పిల్లల్లోనే కనిపిస్తోందన్న మాట ఆయన చెవిన పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే భారతదేశం నుంచి వచ్చిన ఒక చిన్న పరిశోధన పత్రం ఆయన చేతికి అందింది. ఆ పని జరిగింది మన హైదరాబాద్‌లో, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే చోట. మాధవన్, గోపాలన్ అనే ఇద్దరు 1968లో ప్రచురించారు. అఫ్లటాక్సిన్ ఇచ్చిన ఎలుకల్లో కొన్నింటికి ఆహారంలో 20 శాతం కేసీన్ పెట్టారు, కొన్నింటికి 5 శాతమే పెట్టారు. కేసీన్ అంటే పాలలోని ముఖ్యమైన ప్రొటీన్. ఎక్కువ తిన్న ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ వచ్చింది, తక్కువ తిన్నవాటిలో రాలేదు. క్యాంప్‌బెల్ దీన్ని నమ్మలేక తన ప్రయోగశాలలో ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించారు. తర్వాత 1983లో చైనాలో 65 కౌంటీల్లో సుమారు 6,500 మందితో పెద్ద సర్వే మొదలైంది. ఆ సంగతులన్నీ 2005లో ‘ది చైనా స్టడీ’ అనే పుస్తకంగా వచ్చాయి. పాలు, మాంసం లాంటి జంతు ఆహారం ఎక్కువైన చోట క్యాన్సర్ లాంటి జబ్బులూ ఎక్కువన్నది ఆయన వాదన.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఎలుకలకు పెట్టిన కేసీన్ పొడీ, మన గిన్నెలోని పెరుగూ ఒకటి కావు. సర్వేలో రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అనలేం. ఈ అభ్యంతరాలు చెప్పిన శాస్త్రవేత్తలు ఉన్నారు, వాటిలో బలం ఉంది. కాబట్టి క్యాన్సర్ భయం చూపించి ఇంట్లో వాళ్ల చేత పాలు మాన్పించకండి. మా ఆయనకు షుగర్, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నాయి. పప్పులు, కూరలు, పొట్టు ధాన్యాలు పెరిగి, నెయ్యి, మాంసం తగ్గితే ఆయనకు మేలని మా డాక్టరు గారు కూడా అన్నారు. నాకు ఆ కారణం చాలింది.

మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు ఇంట్లో వండినవన్నీ కాగితం మీద రాయండి. ఏమీ మార్చొద్దు, రాయడమే. మా జాబితాలో గోంగూర పప్పు, చింతచిగురు పప్పు, పప్పుచారు, దోసకాయ పచ్చడి, వంకాయ కూర, నువ్వుల పొడి, ఇడ్లీ, పెసరట్టు అన్నీ ముందునుంచీ మొక్కల వంటలే. అది చూశాక టెన్షన్ సగం పోయింది. మార్చాల్సినవి నాలుగే మిగిలాయి: కాఫీలో పాలు, చివర్లో పెరుగు, ముద్దపప్పులో నెయ్యి, ఆదివారం కోడి. తేలికైనది ముందు తీయండి. మేం కోడితో మొదలుపెట్టాం, పెరుగును ఆఖరికి ఉంచాం. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది.

“మరి ప్రొటీన్?” అని మీ ఇంట్లోనూ అడుగుతారు. తప్పు వాళ్లది కాదు, ఆ మాటలోనే ఉంది. మనం ప్రొటీన్‌కు పెట్టుకున్న పేరే మాంసకృత్తులు. ప్రొటీన్ అంటే మాంసమే అనుకోవడం మీదే క్యాంప్‌బెల్ ఆ తర్వాతి జీవితమంతా పోరాడారు, మన భాషలో ఆ నమ్మకం పాఠ్యపుస్తకంలోకే ఎక్కింది. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అయితే పప్పు గరిటెడు వేసుకుని అన్నం గుట్టగా పెట్టుకుంటే లాభం లేదు. మా ఇంట్లో ఇప్పుడు పప్పు గిన్నెతో వడ్డిస్తాను, అన్నం సగానికి తగ్గింది. అది కూడా దంపుడు బియ్యం. మైదా బిస్కెట్లు, మిరపకాయ బజ్జీలు కూడా మొక్కల ఆహారమే కదా అనుకోవద్దు. క్యాంప్‌బెల్ చెప్పింది పొట్టు తీయని గింజలు, పప్పులు, కాయగూరలు, పండ్ల గురించి. నూనె కూడా ఆయన వద్దన్నారు. మేం పూర్తిగా మానలేదు, పోపుకు ఒక చెంచాతో సరిపెడుతున్నాం.

ఇక పెరుగు. దీనికి నేను పడినంత కష్టం దేనికీ పడలేదు, కాబట్టి వివరంగా చెబుతాను.

ఒక గ్లాసు వేరుశనగ గుళ్లు తీసుకుని ముందు పళ్లెంలో పోసి ఏరండి. ముడతలు పడ్డవి, రంగు మారినవి, మొలక వచ్చినవి, కొంచెం బూజు వాసన ఉన్నా సరే, పారేయండి. అఫ్లటాక్సిన్ వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. రోజూ తినబోయే గింజ కాబట్టి ఈ ఏరడం మానొద్దు. కాయలతో కొని, ఎండబెట్టి, కావలసినప్పుడు ఒలుచుకుంటే ఇంకా మంచిది.

ఏరిన గుళ్లను రాత్రి నానబెట్టండి. పొద్దున్నే చేత్తో నలిపితే పొట్టు ఊడుతుంది. మూడు గ్లాసుల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బి, పలుచటి గుడ్డలో పిండండి. వచ్చిన పాలను సన్నటి సెగ మీద కలుపుతూ పది నిమిషాలు కాయండి. పక్కకు వెళ్తే అడుగంటుతాయి, లేదా పొంగిపోతాయి. గోరువెచ్చగా అయ్యాక తోడు వేయాలి. మొదటిసారి తోడుకు పెరుగు వాడకూడదు కదా, కడిగి తుడిచిన అయిదారు పచ్చిమిరప ముచికలు వేసి మూతపెట్టండి. ఎండాకాలం రాత్రంతా, చలికాలంలో ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఆ మొదటి గిన్నె కొంచెం ఘాటుగా ఉంటుంది. దాన్ని తినకుండా మర్నాటి పాలకు తోడుగా వాడండి. రెండోసారి నుంచి రుచి కుదురుతుంది.

గేదె పెరుగులా గడ్డకట్టదు. ఆ ఆశతో చేస్తే మొదటి రోజే మానేస్తారు. అల్లం, కరివేపాకు, ఉప్పు, కాస్త నిమ్మరసం వేసి మజ్జిగ చేస్తే మాత్రం చాలా బాగుంటుంది. గుడ్డలో మిగిలిన పిప్పిని వేయించి ఎండుమిర్చి, జీలకర్రతో పొడి కొట్టండి, ఇడ్లీలోకి పనికొస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. నేను దీన్ని నిర్లక్ష్యం చేసి దెబ్బతిన్నాను. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. దాన్ని తయారుచేసేది సూక్ష్మజీవులు. మాంసం, పాలు పూర్తిగా మానితే మాత్ర వేసుకోవాల్సిందే. ఆకుకూరలతో సరిపోతుందని నేను రెండేళ్లు వేసుకోలేదు. పాదాలు తిమ్మిర్లెక్కేవి, మెట్లు ఎక్కితే నీరసం. వయసు వల్లేమో అనుకున్నాను. రక్తపరీక్షలో బి12 బాగా పడిపోయిందని తేలింది. ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలతో తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పట్టింది. నరాలకు జరిగే నష్టం ఆలస్యమైతే పూర్తిగా పోకపోవచ్చు కూడా. కాబట్టి పాలు మానిన నాటి నుంచే మోతాదు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి.

కాల్షియం కోసం రాగి జావ, నువ్వులు, మునగాకు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇనుము ఒంటబట్టాలంటే ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండండి, భోజనం అవగానే కాఫీ, టీ తాగకండి.

షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా తిండి ఒక్కసారిగా మార్చొద్దు. మా ఆయనకు అన్నం తగ్గించిన మూడో వారంలో సాయంత్రం చెమటలు పట్టి షుగర్ పడిపోయింది. ఆ తర్వాతే మాత్ర మోతాదు తగ్గించారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇంత పప్పు, ఇన్ని ఆకుకూరలు పనికిరాకపోవచ్చు. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో సొంత ప్రయోగాలు వద్దు.

అమ్మకు ఇప్పుడు 84 ఏళ్లు, మా దగ్గరే ఉంటుంది. వేరుశనగ మజ్జిగ తాగుతుంది, బాగుందని కూడా అంటుంది. పొద్దుటి కాఫీ మాత్రం గేదె పాలతోనే కావాలి. రోజూ పావు లీటరు తెప్పించి నేనే కలిపి ఇస్తాను.