ద్రవ నత్రజని చలిలో లేజర్ డయోడ్‌ను ఇంటి దగ్గర పరీక్షించడం ఎలా?

1 లీటరు స్టీలు ఫ్లాస్కు, అందులో నిలబడే లావుపాటి రాగి కడ్డీ, రెండు రంధ్రాల థర్మోకోల్ మూత, చలిని కొలిచే తీగ థర్మోకపుల్, స్థిరమైన కరెంటు ఇచ్చే డ్రైవరు ఉంటే చాలు. నత్రజనిని గ్యాస్ డీలరు దగ్గరే కొనాలి. ఒంగోలు జాతి వీర్యం భద్రపరిచే పశువైద్యశాల క్యానులోంచి అడిగి పోయించుకోరాదు, అందులో మట్టం తగ్గితే నష్టపోయేది రైతే. 1 లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది కనుక, గాలి ధారాళంగా ఆడే వరండాలోనే పని చేయాలి, ఫ్లాస్కును ఎన్నడూ బిగించి మూయరాదు.

కరెంటు పారితే లేజర్ కాంతినిచ్చే చిప్పున్న చిన్న లోహపు డబ్బాయే లేజర్ డయోడ్. దాన్ని కడ్డీ పైకొనకు మరతో బిగించి, మామూలు వేడిమిలో ఎంత కరెంటు దగ్గర లేజర్ మొదలవుతుందో రాసుకోవాలి. డ్రైవరు చలికి దూరంగా బయటే ఉండాలి.

డయోడ్‌ను నేరుగా ద్రవంలో ముంచేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. చిప్పు, టంకం, లోహపు దిమ్మ ఒక్కొక్కటి ఒక్కో మేరకు కుంచించుకుంటాయి కనుక ఆ కుదుపుకు అతుకు వదులుతుంది, పైగా బుడగలు కాంతిని చెదరగొట్టి కొలతను పాడుచేస్తాయి. ముఖానికి కవచం, చేతులకు వదులు తొడుగులు వేసుకొని, పక్క రంధ్రంలోంచి టీ గ్లాసుడు చొప్పున 5 నిమిషాలకొకసారి పోస్తూ, ద్రవాన్ని డయోడ్‌కు రెండు వేళ్ల కిందే ఆపాలి. థర్మోకపుల్ −196 డిగ్రీలకు కొద్దిగా ఎగువన నిలబడ్డాక, కరెంటును సున్నా నుంచే పెంచాలి, ఎందుకంటే చలిలో లేజర్ మొదలయ్యే కరెంటు బాగా తగ్గిపోతుంది గనుక, నిన్నటిదాకా క్షేమంగా ఉన్న కరెంటే చిప్పు అంచును కాల్చేస్తుంది. వోల్టేజీ మాత్రం పెరుగుతుంది, డ్రైవరులో ఆ వెసులుబాటు ఉండాలి. 650 నానోమీటర్ల ఎరుపు నారింజ వైపు జరుగుతుంది, కాబట్టి కళ్లద్దాలు ఆ రంగును కూడా ఆపేవై ఉండాలి.

నా మొదటి డయోడ్ చలిలో పోలేదు, బయటికి తీశాక పోయింది. కావలిలో సాయంత్రం సముద్రపు గాలి తిరిగిన వేళ మూత ఎత్తగానే డయోడ్ డబ్బా మీద తెల్లటి మంచు పొర పట్టింది, అది కరిగి డయోడ్ రెండు కాళ్ల (తీగల) మధ్య నీటిబొట్టై నిలిచింది, నేను గమనించకుండా స్విచ్చి వేశాను. అందుకే కొలతలు పూర్తికాగానే కరెంటు తీసేసి, మూత కదపకుండా తెల్లవారేదాకా వదిలేయాలి. లోపలి వాయువు వేడెక్కుతూ బయటికే వస్తుంది గనుక తేమ చొరబడదు, అయితే రంధ్రం మంచుతో పూడలేదని మధ్యమధ్య చూడాలి.

మర్నాడు మామూలు వేడిమిలో మళ్లీ కొలిచి, లేజర్ మొదలయ్యే కరెంటు ముందుకన్నా పెరిగి ఉంటే, ఆ డయోడ్‌తో చలిలో తీసిన అంకెలన్నిటినీ కొట్టివేయాలి.