నల్లరేగడిలో బెంచ్‌మార్క్ జాగ్రత్త
గుంటూరు చుట్టుపక్కల జీపీఎస్ బిగించిన ఎక్స్‌కవేటర్‌తో పని చేయించేవాళ్ళు బెంచ్‌మార్క్ (ఎత్తులు సరిచూసుకునే స్థిరమైన గుర్తు) కోసం నల్లరేగడిలో కొట్టిన పెగ్గును (మేకును) నమ్ముకోకండి. ఆ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పెగ్గూ దాంతోపాటే కదులుతుంది. పాత కల్వర్టు కాంక్రీటు మీద గుర్తు పెట్టుకోవడం మేలు. రోజూ పొద్దున్నే బకెట్ పన్ను ఆ గుర్తు మీద ఆనించి, మెషిన్ స్క్రీన్‌లో లెవెల్ (ఎత్తు) చూడండి. దానికీ గుర్తు అసలు లెవెల్‌కీ రెండు మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే తవ్వకం మొదలుపెట్టొద్దు. చాలాసార్లు తప్పు శాటిలైట్‌ది కాదు, అరిగిన పన్నుది. బకెట్ మార్చినా, పళ్ళు మార్చినా వాటి కొలతలు మెషిన్‌లో మళ్ళీ ఎక్కించాలి. మావాడు ఒకసారి మర్చిపోయి అరడుగు ఎక్కువ తవ్వేశాడు. గ్రావెల్ పోసి రోలర్ తొక్కించేసరికి రోజంతా పోయింది. అన్నట్టు, మెషిన్‌లో వేసిన డిజైన్ ఫైల్‌లో ఉన్నది సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింది నేల) లెవెలా, పూర్తయిన రోడ్డు లెవెలా అన్నది ముందే అడగండి.