క్లయింట్ దగ్గర స్లైడ్లు చెదిరిపోతే నేను ఎలా సరిచేశాను

ప్రెజెంటేషన్లు డిజైన్ చేయడం నా వృత్తి. ఒకసారి ఒక కంపెనీ బోర్డు మీటింగ్ కోసం 40 స్లైడ్లు పంపాను. అరగంటలో ఫోన్ వచ్చింది: "అక్షరాలు బాక్సులు దాటి కిందికి వచ్చేశాయండీ!" నా స్క్రీన్ మీద మాత్రం అంతా బాగానే ఉంది. చాలా టెన్షన్ పడ్డాను.

వాళ్ల స్క్రీన్‌షాట్ చూశాక అర్థమైంది. నేను వాడిన ఫాంట్ వాళ్ల కంప్యూటర్లో లేదు. అలాంటప్పుడు పవర్‌పాయింట్ తనంతట తానే వేరే ఫాంట్ పెట్టేస్తుంది. దాని అక్షరాలు వెడల్పుగా ఉండటంతో లైన్లు పెరిగాయి.

ముందు ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంట్లను ఫైల్‌లోనే చేర్చే చోట టిక్ పెట్టాను. వాడిన అక్షరాలను మాత్రమే చేరిస్తే ఫైల్ చిన్నదవుతుంది. కానీ బోర్డు మీటింగంటే చివరి నిమిషం దాకా అంకెలు మారుతూనే ఉంటాయి. అవతలివాళ్లు ఎడిట్ చేయాలంటే అన్ని అక్షరాలూ చేర్చాలి, అదే చేశాను. అయినా హెడ్డింగుల ఫాంట్ చేరలేదు. దాని లైసెన్స్ అందుకు ఒప్పుకోదు.

ఇక అన్ని స్లైడ్లకూ మూలమైన స్లైడ్ మాస్టర్‌లో థీమ్ ఫాంట్‌నే, అంటే మొత్తం ఫైల్‌కి వర్తించే ఫాంట్‌నే మార్చాను, వాళ్ల దగ్గర ఉన్నదే పెట్టి. చాలా స్లైడ్లు ఒక్కసారిగా సర్దుకున్నాయి. నేను చేత్తో విడిగా ఫాంట్ పెట్టిన బాక్సులు మాత్రం కదల్లేదు, వాటికి ఒక ఫాంట్ బదులు ఇంకోటి పెట్టే రీప్లేస్ ఫాంట్స్ ఆప్షన్ వాడాల్సి వచ్చింది. ఆ చేత్తో పెట్టే అలవాటే అసలు తప్పని నా అభిప్రాయం.

ఇప్పుడు పని ఒప్పుకునే రోజే మీ కంప్యూటర్లలో ఏ ఫాంట్లున్నాయని అడుగుతాను. ఎడిట్ చేసే ఫైల్‌తో పాటు పీడీఎఫ్ కూడా పంపుతాను.