చిన్న మిడి కీబోర్డు కొనేముందు చేతులతో పరీక్షించవలసినవి

మిడి కీబోర్డులో శబ్దం ఉండదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. పెట్టె విప్పి, కేబుల్ తగిలించి, మీటలన్నీ నొక్కి చూసి, "పాడైన సరుకు అంటగట్టారు" అని నా దగ్గర మొర పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. మీరు మీట నొక్కినప్పుడు అది మిడి అనే ప్రమాణం ప్రకారం కంప్యూటర్‌కు పంపేది చిన్న సమాచారం మాత్రమే: ఏ మీట నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు. పియానోగా, వేణువుగా, డ్రమ్ముగా పలకడమంతా కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ పని. కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టి కీబోర్డు కొంటే పాట నాణ్యత పెరుగుతుందన్న ఆశ వదిలేయండి. మంచి కీబోర్డు వల్ల బాగుపడేది మీ వాయింపు ఒక్కటే. కాకపోతే అది తక్కువ విషయమేమీ కాదు.

నేను పద్ధతిగా పియానో నేర్చినవాణ్ణి కాను. బాణీని వేళ్లతో వెతుక్కుంటూ, కుడిచేత్తో స్వరాలూ ఎడమచేత్తో మౌసూ పట్టుకుని పని చేసేవాణ్ణి. ఇంట్లో సంగీతం చేసేవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లేనని నా నమ్మకం. మనలాంటివాళ్లు మొదట మీటలు చూడాలి, తరువాత బల్ల మీద చోటు చూసుకోవాలి, నాబ్‌లూ (తిప్పే గుండ్రని పిడులు) ప్యాడ్‌లూ (వేళ్లతో కొట్టే చదరపు దిండ్లు) ఆ తరువాతే. ప్రకటనలు మాత్రం దీన్ని తలకిందులుగా చెబుతాయి. రంగురంగుల ప్యాడ్‌లు ఫోటోలో అందంగా కనిపిస్తాయి, మీట స్పర్శ ఫోటోలో కనిపించదు.

బల్ల కొలత, మీటల లెక్క

మామూలు పియానోలో ఒక తెల్ల మీట వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. 25 మీటల కీబోర్డులో 15 తెల్లవి, 10 నల్లవి ఉంటాయి. అంటే పూర్తి పరిమాణపు మీటలకే 35 సెంటీమీటర్లు కావాలి. 37 మీటలైతే 52, 49 మీటలైతే 68 సెంటీమీటర్లు. పక్కన స్వరాన్ని వంచే చక్రాలుంటే మరికొంత పెరుగుతుంది. ఇక చాలామంది మరిచిపోయేది లోతు. మీటల వెనుక నాబ్‌ల వరుస, ప్యాడ్‌ల వరుస ఉన్న కీబోర్డు బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ వెనక్కి జరుగుతుంది, తెర మీది అక్షరాలు కనిపించక మీరు ముందుకు వంగుతారు.

అందుకే నేను ఎవరికైనా చెప్పే మొదటి పని అట్ట కత్తిరించడం. కొనాలనుకున్న మోడల్ పొడవు, లోతు తయారీదారు వివరాల్లో ఉంటాయి. అదే కొలతకు ఒక అట్టముక్క కత్తిరించి బల్ల మీద పెట్టి, నాలుగు రోజులు దానితోనే మామూలు పని చేసుకోండి. మౌసుకు చోటు మిగిలిందా? మోచేయి గోడకు తగులుతోందా? అట్ట అడ్డమొచ్చి పక్కకు తీసేశారంటే రేపు కీబోర్డునూ తీసేస్తారు. బీరువాలోంచి తీసి తగిలించుకోవలసిన వాయిద్యాన్ని రానురాను ఎవరూ ముట్టుకోరు.

మీటలు ఎన్ని కావాలన్నది మీరు వాయించేదాన్ని బట్టి ఉంటుంది. బేస్ గీతలు, ఒంటి స్వరాల బాణీలు, డ్రమ్ములు అయితే 25 చాలు. ఎడమచేత్తో కార్డ్‌లు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) పట్టి కుడిచేత్తో బాణీ వాయించాలంటే 25 మీటల మీద రెండు చేతులూ ఒకదానినొకటి తోసుకుంటాయి. వేర్వేరుగా రెండుసార్లు రికార్డు చేసుకోవచ్చు, నిజమే. కానీ రెండు చేతులూ కలిసి వాయించేటప్పుడు పుట్టే ఆలోచన విడివిడిగా వాయిస్తే పుట్టదు. నేను 37 దగ్గర ఆగాను. రెండు చేతులతో పియానో వాయించడం వచ్చినవాళ్లు 49కి తగ్గవద్దు.

25 మీటల్లో ఇంకో చిక్కు ఉంది. తీగవాద్యాల, ఆర్కెస్ట్రా శాంపిల్ లైబ్రరీలు (అసలు వాద్యాల రికార్డింగులతో చేసిన సాఫ్ట్‌వేర్ వాద్యాలు) చాలావాటిలో కీస్విచ్‌లు ఉంటాయి. అంటే అట్టడుగు మీటలు శబ్దం చేయవు, వాయించే తీరును మారుస్తాయి: ఒకటి నొక్కితే సాగదీసిన కమాను, మరొకటి నొక్కితే తెగ్గొట్టిన కమాను. రెండు స్థాయిలే (ఆక్టేవ్‌లే) ఉన్న ఈ 25 మీటల కీబోర్డులో బాణీ మధ్యలో ఆక్టేవ్ బటన్ నొక్కి కిందికి దిగి, మళ్లీ పైకి రావాలి. ఆ బటన్లు మీటలకు దగ్గరగా, చూడకుండా నొక్కగలిగేలా ఉన్నాయో లేదో చూసుకోండి. మరో గందరగోళం పేర్లది. పియానో మధ్యలో ఉండే సి స్వరానికి (మిడిల్ సి) మిడి అంకె ఎక్కడైనా 60. దాన్ని కొందరు తయారీదారులు సి3 అంటే, కొందరు సి4 అంటారు. శాంపిల్ లైబ్రరీ సూచనల పుస్తకంలో చెప్పిన మీట పలకకపోతే ఒక ఆక్టేవ్ అటో ఇటో వెతకండి.

మీటను ఎలా పరీక్షించాలి

కొనేముందు ఈ ఒక్క పరీక్షకు అరగంట కేటాయించమంటాను. మీట ఎంత వేగంగా కిందికి దిగిందో చెప్పే అంకెను వెలాసిటీ అంటారు. అది 1 నుంచి 127 వరకు ఉంటుంది. 1983లో మిడి ప్రమాణం వచ్చినప్పుడు ఒక్కో విలువకు 7 బిట్లు ఇచ్చారు, అందుకే 127 దగ్గర ఆగింది. 2020లో వచ్చిన మిడి 2.0లో వెలాసిటీకి 16 బిట్లు, అంటే 65,536 మెట్లు. దానికోసం ఆగవలసిన పనిలేదు. చాలా చిన్న కీబోర్డుల్లో ఉన్న 127 మెట్లే సరిగా చేతికి అందవు.

దుకాణానికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. దూరం నుంచి తెప్పించుకుంటే, తిరిగి పంపే గడువులోపల ఇంట్లోనే చేయండి. విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్ అనే ఉచిత ప్రోగ్రాములు వచ్చిన ప్రతి సందేశాన్నీ తెర మీద అంకెల్లో చూపిస్తాయి. స్పీకర్లు ఆపేయండి. చెవి మోసపోతుంది, అంకె మోసపోదు.

మధ్యలో ఒక తెల్ల మీట ఎంచుకుని, వీలైనంత మెత్తగా పలుమార్లు నొక్కండి. 14, 21, 17, 19 ఇలా వస్తే ఆ మీట మీ మాట వింటోందన్నమాట. కొన్నిసార్లు అసలేమీ రాక, ఉన్నట్టుండి 58 వస్తే మెత్తని వాయింపు ఆ కీబోర్డులో లేనట్టే. తరువాత మెత్తగా మొదలుపెట్టి, దెబ్బదెబ్బకూ కాస్త బలం పెంచుతూ వెళ్లండి. అంకెలు 20, 34, 51, 66 అంటూ ఎక్కాలి. 40, 45, 98, 127 అని గెంతితే వద్దు. ఆపైన అదే బలంతో పక్క మీటలు, నల్ల మీటలు చూడండి. చివరగా తెల్ల మీటను అంచు దగ్గర కాకుండా లోపల, రెండు నల్ల మీటల మధ్య నొక్కండి. అక్కడ మీట బరువెక్కుతుంది, ఎందుకంటే కీలుకు దగ్గరవుతున్నాం. పొట్టి మీటల్లో ఈ తేడా మరీ ఎక్కువ. నల్ల మీటలు కలిసిన కార్డ్‌లు పట్టినప్పుడు వేళ్లు సరిగ్గా అక్కడే పడతాయి, ఆ స్వరం ఒక్కటీ మూగబోతుంది.

ఇంత గొడవ ఎందుకంటే, మంచి పియానో శాంపిల్ లైబ్రరీలో ఒకే స్వరాన్ని మెత్తగా, మధ్యస్థంగా, గట్టిగా విడివిడిగా రికార్డు చేసి పెడతారు. కీబోర్డు ఎప్పుడూ 90 పైనే పంపుతుంటే మెత్తని రికార్డింగులు మీకు ఒక్కసారి కూడా వినిపించవు. పాట మొదటినుంచి చివరిదాకా ఒకే గట్టితనంతో సాగుతుంది, లోపం ఎక్కడుందో తెలియక మిక్సింగ్‌ను (రికార్డయిన శబ్దాలను కలిపి సర్దే పనిని) తిట్టుకుంటారు. వెలాసిటీ కర్వ్ (ఎంత నొక్కితే ఏ అంకె పంపాలో చెప్పే అమరిక) మార్చుకునే వీలుంటే కొంత దారికి వస్తుంది. అయితే అది ఉన్న అంకెలను పైకో కిందికో జరుపుతుంది తప్ప, గెంతే మీటను సరిచేయలేదు.

మినీ మీటలు వద్దా అంటే, వద్దనను. బేస్, డ్రమ్ములు, చిన్న బాణీలకు అవి బాగానే పనిచేస్తాయి, సంచిలో పడతాయి. అయితే వాటి మీద అలవాటైన చేయి పూర్తి పరిమాణపు మీటల మీదికి వెళ్లినప్పుడు దూరాలు తప్పుతుంది. పియానో నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే పెద్ద మీటలే తీసుకోండి.

చక్రమా, జాయ్‌స్టిక్కా, టచ్ పట్టీయా

గమకాలు, జారులు వాయించేవాళ్లకు మీటల తరువాత ముఖ్యమైనది పిచ్ బెండ్, అంటే పలుకుతున్న స్వరాన్ని పైకో కిందికో వంచే సదుపాయం. దానికి మిడిలో 14 బిట్లు ఉన్నాయి, అంటే 16,384 మెట్లు; సున్నితత్వానికి కొదవ లేదు. తేడా అంతా దాన్ని తిప్పే పనిముట్టులోనే. ఆకాయ్ ఎంపీకే మినీ ఎంకే3లో జాయ్‌స్టిక్ ఉంటుంది, ఆర్టూరియా మినీల్యాబ్ 3లో, నోవేషన్ లాంచ్‌కీ మినీలో టచ్ పట్టీలు ఉంటాయి, కోర్గ్ నానోకీ 2లో బటన్లు. నా చేతికి చక్రమే సరిపడుతుంది, దాని ప్రతిఘటన వేలికి తెలుస్తుంది కాబట్టి. ఏది కొన్నా సాఫ్ట్‌వేర్‌లో బెండ్ పరిధి చూసుకోండి. మామూలుగా అది అటూ ఇటూ రెండు అర్ధస్వరాలే ఉంటుంది, పొడవైన జారుకు చాలదు.

పిచ్ బెండ్ పక్కనే ఉండే మరో నియంత్రణ మాడ్యులేషన్. దాని మాట వేరు. తీగవాద్యాల లైబ్రరీలు చాలావాటిలో శబ్దం ఉబ్బడం, తగ్గడం మాడ్యులేషన్ మీదే నడుస్తాయి. వదలగానే మధ్యకు తిరిగొచ్చే స్ప్రింగు జాయ్‌స్టిక్‌తో ఆ ఉబ్బును ఒకచోట నిలపలేరు, వేలు తీస్తే వాద్యబృందం మొత్తం ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇలాంటి సంగీతం చేసేవాళ్లకు పెట్టినచోట నిలిచే చక్రమో, పట్టీయో, కనీసం ఒక ఫేడరో (పైకీ కిందికీ జరిపే పిడి) తప్పనిసరి.

నాబ్‌ల సంగతికి వస్తే, రెండు రకాలున్నాయి. ఒకటి రెండు చివర్లా ఆగేది, ఇంకొకటి అంతులేకుండా తిరిగేది. ఆగే నాబ్ 20 దగ్గర ఉండి, తెర మీద అది నడిపే ఫిల్టర్ (శబ్దం పదునును మార్చే అమరిక) 100 దగ్గర ఉంటే, కాస్త తిప్పగానే ఫిల్టర్ ఢామ్మని 20కి పడిపోతుంది. ఏబుల్టన్ లైవ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పికప్ పద్ధతి పెట్టుకుంటే నాబ్ ఆ అంకె దాటేవరకు కదలిక ఉండదు, కానీ ప్రతిసారీ వెతుక్కోవాలి. అంతులేని నాబ్‌లో, సాఫ్ట్‌వేర్‌తో సరిగా జత కుదిరితే, ఈ బాధ లేదు. ఎనిమిది నాబ్‌లకు మించి ఉన్నాయని మురిసిపోకండి, ఏది దేనికో గుర్తుండదు.

ప్యాడ్‌లు వేళ్లతో డ్రమ్ములు వాయించేవాళ్లకే. అలవాటు లేకపోతే ఎనిమిది చాలు, లేకపోయినా కొంప మునగదు. వేళ్లతో లయ పట్టగలిగినవాళ్లు పదహారు ఉన్నవి చూడండి. ఆర్పెజియేటర్ (పట్టిన స్వరాలను ఒకదాని తరువాత ఒకటిగా తానే వాయించేది), స్కేల్ మోడ్ (ఎంచుకున్న స్వరాలే పలికేలా చేసేది) సరదాగా ఉంటాయి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే అవి దొరుకుతాయి కనుక నేను వాటికి అదనంగా డబ్బు పెట్టను.

వెనుక భాగం తిప్పి చూడండి

సస్టెయిన్ పెడల్ (కాలితో తొక్కి స్వరాన్ని సాగదీసేది) రంధ్రం ఉందా? నానోకీ 2లాంటి పలుచని వాటిలో ఉండదు, బదులుగా బటన్ ఇస్తారు. పియానో ధోరణిలో వాయించేవాళ్లకు బటన్ పనికిరాదు, రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా. పెడల్ తొక్కినప్పుడు స్వరం ఆగి, వదిలినప్పుడు సాగుతుంటే పెడల్ చెడిపోలేదు. కీబోర్డు తీసి, పెడల్ మీద కాలు పెట్టకుండా మళ్లీ తగిలించండి. చాలా కీబోర్డులు విద్యుత్తు అందిన క్షణంలో పెడల్ స్థితిని చూసి దిశ నిర్ణయించుకుంటాయి.

యూఎస్‌బీ కేబుల్ డేటా పంపేదై ఉండాలి. ఫోను చార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో దీపాలు వెలుగుతాయి, స్వరం రాదు. ఫోనుకో టాబ్లెట్‌కో తగిలించాలనుకుంటే డ్రైవర్ అవసరం లేని, తక్కువ కరెంటు తీసుకునే మోడల్ చూసుకోండి. పాత సింథసైజర్‌ను నేరుగా నడపాలంటే అయిదు పిన్నుల మిడి అవుట్ ఉండాలి. దాని బదులు చిన్న 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే ఎడాప్టర్ ఏ రకమో కనుక్కోండి. టైప్ ఏ, టైప్ బి అని రెండున్నాయి. 2018లో టైప్ ఏను ప్రమాణంగా ఖరారు చేశారు, అంతకుముందువి ఎలాగైనా ఉండవచ్చు. బ్లూటూత్ బాణీ వెతుక్కోవడానికి సరే, రికార్డింగుకు కేబులే.

మీట నొక్కిన కాసేపటికి స్వరం వస్తుంటే కీబోర్డు మార్చకండి. పాత అయిదు పిన్నుల తీగ మీద కూడా ఒక స్వరం సందేశం వెళ్లడానికి పట్టేది సుమారు ఒక మిల్లీసెకను. ఆలస్యం సాధారణంగా ఆడియో బఫర్‌లో (కంప్యూటర్ శబ్దాన్ని వినిపించేముందు కాస్త కూడబెట్టుకునే చోట) ఉంటుంది. 44,100 శాంపిల్ రేటులో బఫర్ 512 ఉంటే దానికే 11.6 మిల్లీసెకన్లు, 128కి తగ్గిస్తే 2.9. విండోస్‌లో ఏసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, వాయించేటప్పుడు బఫర్ తగ్గించండి, మిక్సింగ్‌లో పెంచుకోండి.

వాడిన కీబోర్డు తీసుకుంటుంటే ఆ మిడి మానిటర్‌నే మళ్లీ తెరవండి. ఏదీ ముట్టుకోకుండా ఒక నిమిషం చూడండి. అంకెలు వాటంతటవే కదిలితే ఏదో నాబ్ అరిగింది. ఒక్కసారి నొక్కితే రెండు సందేశాలు వచ్చే మీట లోపలి కాంటాక్టులు చెడ్డాయని అర్థం. యూఎస్‌బీ ప్లగ్గును కొద్దిగా అటూ ఇటూ ఊపి, కనెక్షన్ తెగుతుందేమో చూడండి. దానితోపాటు వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ధరలో లెక్కవేయకండి. ఆ లైసెన్సు చాలావరకు మొదటి యజమాని పేరు మీద నమోదై ఉంటుంది, బదిలీ చేసే వీలు ఉందని రాతపూర్వకంగా చూపిస్తే తప్ప అది లేనట్టే అనుకుని బేరమాడండి.