జాతీయ ఉపాధ్యాయ అవార్డు దరఖాస్తు: పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

జాతీయ ఉపాధ్యాయ అవార్డుకు 2018 నుంచి టీచర్లు ఎవరికి వారే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. పైనుంచి ఎవరో మన పేరు పంపాలని చూస్తూ కూర్చునే పని లేదు. అయినా ఏటా పోర్టల్ తెరిచే వేళకు ‘ఫొటోలు పంపండి చాలు, ఫైలు మేం తయారుచేసి పెడతాం’ అనేవాళ్లు బయల్దేరుతున్నారు. వాళ్లకు డబ్బు కట్టి రంగురంగుల ఫైలు చేయించుకున్న టీచరు, తనిఖీకి వచ్చినవారు ‘ఈ కృత్యం ఏ తరగతికి చేశారు? ఆ నోటుపుస్తకాలు చూపిస్తారా?’ అని అడిగేసరికి తడబడిపోతారు. ఈ దరఖాస్తుకు రుసుం లేదు. మధ్యవర్తి అవసరమూ లేదు.

అర్హత సంగతి త్వరగా చూద్దాం. గుర్తింపు ఉన్న బడుల్లో పనిచేసే రెగ్యులర్ టీచర్లు, ప్రధానోపాధ్యాయులు దరఖాస్తు చేయవచ్చు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్, ప్రైవేటు బడులతో పాటు కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సీబీఎస్‌ఈ బడులు కూడా ఇందులోకి వస్తాయి. కాంట్రాక్టు టీచర్లకు, పర్యవేక్షణ అధికారులకు, శిక్షణ సంస్థల సిబ్బందికి అవకాశం లేదు. ట్యూషన్లు చెప్పేవారు అనర్హులు. అవార్డు ఇచ్చే ఏడాదిలోనే రిటైరైనవారు ఏప్రిల్ 30 దాకా, అంటే కనీసం నాలుగు నెలలు, సర్వీసులో ఉంటే పరిశీలిస్తారు. కనీస సర్వీసు వంటి మిగతా షరతులు ఆ ఏటి మార్గదర్శకాల్లో చూసుకోండి. నిరుటి పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు.

కేంద్ర విద్యాశాఖ వారి అవార్డు పోర్టల్‌లో సొంత మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసుకోవాలి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల ఈమెయిల్ ఇస్తే తర్వాత వచ్చే సమాచారం మీకు చేరదు. సర్వీసు వివరాలు, బడి యూడైస్ కోడు (దేశంలో ప్రతి బడికీ ఉండే 11 అంకెల గుర్తింపు సంఖ్య), గత మూడేళ్ల పనితీరు నివేదికలు, ఇన్‌సర్వీస్ శిక్షణల ధ్రువపత్రాలు దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఫారం నింపడం ఒక పూట పని.

ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే పోర్ట్‌ఫోలియో, అంటే మీ పనికి ఆధారాలు కూర్చి దరఖాస్తుతో పాటు పెట్టే ఫైలు, ఎందుకు అంత ముఖ్యమో అర్థమవుతుంది. రాష్ట్ర బోర్డు బడుల దరఖాస్తులు ముందు జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తాయి. రాసినవి నిజమో కాదో ఆ కమిటీ బృందాన్ని పంపి స్వయంగా చూస్తుంది, మార్కులు వేస్తుంది, ముగ్గురి పేర్లను రాష్ట్ర కమిటీకి పంపుతుంది. ఆ ముగ్గురిపై ఆరోపణలు, విచారణలు లేవనే ధ్రువీకరణ (విజిలెన్స్ క్లియరెన్స్) కూడా కమిటీయే జతచేస్తుంది కాబట్టి దానికోసం మీరు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. రాష్ట్ర కమిటీ ఎంపిక చేసినవారు జాతీయ జ్యూరీ ముందు తమ పని గురించి స్వయంగా చెప్పాలి. అక్కడిదాకా అన్ని దశల్లోనూ మీ తరఫున మాట్లాడేది పోర్ట్‌ఫోలియో ఒక్కటే. ప్రజాప్రతినిధుల సిఫార్సు లేఖలకు మార్కుల పట్టికలో చోటు లేదు.

ఆ పట్టికలో రెండు విభాగాలుంటాయి. ‘ఏ’ విభాగం హాజరు, శిక్షణలు, ప్రచురణలు, బడిలో చేరికల వంటి లెక్కకు అందే అంశాలది. ‘బి’ విభాగం బోధనలో చేసిన ప్రయోగాలు, సహపాఠ్య కార్యక్రమాలు, సమాజాన్ని బడితో కలపడం వంటి పనితీరుది. 2018లో కొత్త విధానం వచ్చినప్పుడు నూటికి 20 మార్కులు ‘ఏ’కి, 80 ‘బి’కి ఇచ్చారు. ఈ పంపకం తర్వాత మారినా పెద్ద వాటా ‘బి’దే. ఆ విభాగంలో చూసేది మూడు: ఎన్ని పనులు చేశారు, ఎంతమందికి చేరాయి, పిల్లల్లో ఏం మారింది. మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోదాని దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు.

ఆగిపోవడానికి కారణం ఒకటే. జరిగిన కార్యక్రమాలకు ఆధారాలు దండిగా ఉంటాయి, నేర్చుకున్నారనడానికి ఆధారం ఉండదు. జెండా వందనం, శాలువా సన్మానం, పత్రికలో వచ్చిన వార్త, బ్యానర్ ముందు నిలబడ్డ పిల్లలు. ఇవన్నీ ఆ రోజు కార్యక్రమం జరిగిందని మాత్రమే చెబుతాయి. ‘నూటికి నూరు శాతం ఉత్తీర్ణత’ అన్న కాగితం కూడా అంతే. పిల్లలు ఎక్కడ మొదలయ్యారో చెప్పకుండా ఎక్కడికి చేరారో చెబితే, మధ్యలో టీచరు చేసిందేమిటో ఎవరికీ తెలియదు.

ఏడో తరగతిలో భిన్నాల కూడికను ఉదాహరణగా తీసుకుందాం. జూన్ చివర్లో పెట్టిన చిన్న పరీక్షలో 1/2 + 1/3 ఎంత అని అడిగారు. ఒక పిల్లవాడు 2/5 అని రాశాడు. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాడన్నమాట. తరగతిలో 32 మంది రాస్తే 9 మందికే సరైన జవాబు వచ్చింది. తప్పు రాసిన 23 మందిలో 17 మందిది ఇదే తప్పు. ఆ పిల్లవాడి అసలు పేజీ తేదీ కనబడేలా స్కాన్ చేసి పెడితే అది మొదటి ఆధారం. దాన్ని చూశాక మీరు మార్చిన పాఠ్యప్రణాళిక రెండోది. 2/5 సగం కంటే తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడిగి, కాగితం పట్టీలు మడతపెట్టించి చూపించారనుకుందాం. రెండు వారాల తర్వాత 2/3 + 1/4 ఇచ్చారు. అదే పిల్లవాడు 8/12 + 3/12 = 11/12 అని రాశాడు. తరగతిలో 21 మందికి వచ్చింది. ఇది మూడోది. మిగిలిన 11 మందిలో 7 మంది హారాన్ని 12 చేశారు గానీ లవాలు మార్చకుండా 2/12 + 1/12 అని రాశారు. వాళ్లకోసం మళ్లీ ఏం చేశారో రాసిన పేజీ నాలుగోది.

అంతే, నాలుగు పేజీలు. అరవై ఫొటోల ఆల్బమ్ చెప్పలేనిది ఇవి చెబుతాయి. తనిఖీకి వచ్చినవారు ఆ పిల్లవాణ్ని పిలిచి అడిగినా, టీచర్ డైరీ తెరిచినా ఒకే మాట దొరుకుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. బాగా చదివే పిల్లల పేజీలే ఏరి పెట్టొద్దు. ఏడాది మొదట్లోనే ముగ్గురిని ఎంచుకోండి: ముందున్న ఒకరు, మధ్యలో ఒకరు, వెనకబడ్డ ఒకరు. ఏడాది పొడవునా ఆ ముగ్గురి పనే దాచండి. వెనకబడ్డ పిల్ల కొంచెమే కదిలినా ఆ కొంచెం కదలిక విలువ పరిశీలించేవాళ్లకు తెలుసు.

తర్వాతి చిక్కు ఆత్మపరిశీలన. ‘పిల్లలు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు’ అన్న వాక్యం ఏ బడికైనా, ఏ రోజుకైనా సరిపోతుంది, అందుకే దానికి విలువ లేదు. పాఠం అయిన రోజే నాలుగైదు వాక్యాలు రాయాలి: ఏం జరుగుతుందనుకున్నాను, ఏం జరిగింది, ఎందుకలా జరిగిందనుకుంటున్నాను, రేపు ఏం మారుస్తాను. కుదరని పాఠం గురించి రాస్తే మార్కులు పోతాయని చాలామందికి భయం. కుదరని పాఠాన్ని గుర్తించి, దాన్ని మార్చి, మార్పు ఫలితం చూపించిన పేజీయే బోధన తెలిసిన మనిషి పేజీ. భయపడకుండా పెట్టండి.

మన కంటికి కనబడనిది పక్క టీచరుకు కనబడుతుంది. ఒక పీరియడ్‌లో 15 నిమిషాలు వెనక కూర్చోమని తోటి టీచరును అడగండి. తరగతి కూర్చున్న తీరు గీసిన కాగితం చేతికిచ్చి, ఎవరిని ప్రశ్న అడిగితే వారి పేరు దగ్గర టిక్కు పెట్టమనండి. టిక్కులన్నీ ముందు రెండు వరసల్లోనే పడితే ఆ కాగితం దాచండి. నెల తర్వాత మళ్లీ పెట్టించిన కాగితం దాని పక్కన ఉంచండి. ‘టీచర్ బోధన చాలా బాగుంది’ అని రాయించుకున్న అభిప్రాయం కన్నా ఈ రెండు కాగితాలు ఎంతో మేలు. పిల్లల అభిప్రాయం తీసుకుంటే పేర్లు లేని చీటీలపై ‘ఈ పాఠంలో ఏది అర్థమైంది, ఏది కాలేదు’ అని మాత్రమే అడగండి.

దాతల సాయం చూపించాలంటే ఫొటోతో పాటు స్టాక్ రిజిస్టర్‌లో నమోదైన పేజీ, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం పెట్టండి. చేరికలు పెరిగాయంటే అడ్మిషన్ రిజిస్టర్ ప్రకారం ఏడాదివారీ సంఖ్యలు ఇవ్వండి. పక్క బడి మూతపడి పిల్లలు ఇటు వచ్చి ఉంటే అదీ రాయండి. రాయకపోతే తనిఖీలో ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు మీరు నిజంగా చేసిన పనిని కూడా అనుమానంగా చూస్తారు. ఇచ్చిన సమాచారం నిజమేనని, అబద్ధమని తేలితే క్రమశిక్షణ చర్యకు బాధ్యులమని దరఖాస్తులో హామీ ఇస్తారు. ఫైలు వేరేవాళ్లు చేసినా హామీ మీదే.

పిల్లల కాగితాలు స్కాన్ చేసేటప్పుడు పేరు, కులం, ఫోన్ నంబర్ల గడులు కప్పేయండి. ముఖాలు కనబడే వీడియోలకు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. వీడియో లింకు ఇస్తే వేరే ఫోన్‌లో, మీ ఖాతా తెరవకుండా, అది తెరుచుకుంటుందో లేదో చూడండి. అనుమతి లేని లింకు తెరుచుకోకపోతే చూసేవాళ్లు తర్వాతి దరఖాస్తుకు వెళ్లిపోతారు.

అన్నిటికన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది సమయం. పోర్టల్ సాధారణంగా జూన్, జూలైలలో తెరుస్తారు. అప్పటికి బడులు కొత్తగా మొదలై ఉంటాయి. చూపించాల్సిందేమో అంతకుముందు ఏడాది తరగతి గదిలో జరిగింది. నోటుపుస్తకాలు అప్పటికే పిల్లలతో ఇంటికి వెళ్లిపోయి ఉంటాయి. అందుకే చివరి వారంలో కూర్చుని ఏడాది డైరీ మొత్తం ఒకే పెన్నుతో రాసేవాళ్లు కనిపిస్తారు. తనిఖీ బృందానికి అది పేజీ తిప్పగానే తెలిసిపోతుంది. ఈ ఏడాది మీ దగ్గర ఆధారాలు లేకపోతే వచ్చే ఏడాదికి ఇవాళే మొదలుపెట్టండి. నెలకు ఒక గంట చాలు. ఆ నెలలో ఒక్క పాఠం ఎంచుకుని ముందు పేజీ, తర్వాత పేజీ, మీరు రాసుకున్న నాలుగు వాక్యాలు ఒక కవరులో వేసి పైన తేదీ రాయండి.

తుది సమర్పణ బటన్ నొక్కాక మార్పులు కుదరవు. అందుకే ముందు డ్రాఫ్ట్‌గా సేవ్ చేసి, అప్‌లోడ్ చేసిన ప్రతి ఫైలూ తెరిచి చూసి, గడువుకు రెండు మూడు రోజుల ముందే పంపేయండి. ఆఖరి రోజు సర్వర్ నెమ్మదిస్తుంది. సమర్పించిన దరఖాస్తు ప్రింటు తీసి, స్కాన్ చేసిన ప్రతి కాగితం అసలు ప్రతిని అదే వరసలో ఒక ఫైలులో పెట్టి, ఫలితాలు వచ్చేదాకా బడిలోనే ఉంచండి.