వై ఎక్కణ్ణుంచి వచ్చింది, తప్పుల్లేకుండా వైతో ప్రశ్న ఎలా అడగాలి?

ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మనవాళ్ళు ఎక్కువ తడబడేది ప్రశ్న అడిగే దగ్గరే, అందులోనూ "వై" (why, అంటే ఎందుకు) దగ్గర. నేను సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకి ఇంగ్లీష్ చెప్తుంటా, కొత్తగా వచ్చినవాళ్ళు దాదాపు అందరూ "వై యు ఆర్ లేట్?" అనే అంటారు, యు, ఆర్ తిరగేసి "వై ఆర్ యు లేట్?" అనాలి. వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు, తెలుగులో ప్రశ్న అలాగే కడతాం కదా.

ముందు ఈ మాట పుట్టుక తెలుసుకోండి. వై అంటే వేరే మాట కాదు, "వాట్"కే ఒక విభక్తి రూపం. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో వాట్‌ని "హ్వాట్" అన్నట్టు పలికేవాళ్ళు, మన తృతీయా విభక్తి లాంటిది దానికి చేరితే "హ్వీ" లాగా అయ్యేది, అంటే "దేనిచేత" అని. తర్వాత ఇంగ్లీషులో విభక్తులు చాలావరకు రాలిపోయినా ఈ ముక్క మాత్రం నిలబడింది. అప్పట్లో స్పెల్లింగ్‌లో హెచ్ ముందు వచ్చేది, 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక వాళ్ళ పద్ధతికి అలవాటుపడ్డ లేఖకులు డబ్ల్యూని ముందుకి తెచ్చారు. స్కాట్లండ్‌లో కొంతమంది నోట ఆ "హ్" ఇప్పటికీ వినిపిస్తుంది.

హూ, వెన్, వేర్, హౌ అన్నీ ఈ కుటుంబమే. ఇంకా వెనక్కి వెళ్తే అది "క్వ" లాంటి శబ్దం, సంస్కృతంలో కః, కిమ్, కదా, హిందీలో కౌన్, కబ్ అన్నీ దాన్నుంచి వచ్చినవే. మనది ద్రావిడ భాష కాబట్టి మన ప్రశ్నలు ఎ, ఏలతో మొదలవుతాయి, ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు. ఎందుకు చివర "కు" ఉంది చూడండి, ఇంగ్లీషువాళ్ళు "దేనిచేత" అని అడిగితే మనం "దేనికి" అని అడుగుతాం. ఈ తేడా చూసినప్పుడల్లా నాకు భలే సంతోషంగా ఉంటుంది.

ఇక వాడకం. మొదటి స్టెప్, ఎందుకు అనేది పక్కన పెట్టేసి ముందు చివర "ఆ" వచ్చే ప్రశ్న తయారుచేయండి. "ఏడుస్తున్నావా?" అంటే "ఆర్ యు క్రయింగ్?" కదా, ఇప్పుడు దాని ముందు వై అతికించండి, "వై ఆర్ యు క్రయింగ్?" అంతే. "వెళ్ళాడా?" అంటే "డిడ్ హి గో?", కాబట్టి "వై డిడ్ హి గో?" డిడ్ వచ్చాక వెంట్ అనకూడదు, జరిగిపోయిందన్న సంగతి డిడ్ ఒక్కటే చెప్పేస్తుంది.

రెండోది చాలా ముఖ్యం, ఇక్కడ బాగా చదువుకున్నవాళ్ళు కూడా పొరబడతారు. "ఎందుకు ఏడుస్తున్నావో చెప్పు" అన్నప్పుడు "టెల్ మీ వై యు ఆర్ క్రయింగ్" అనాలి, ఇక్కడ మాటలు తిరగెయ్యకూడదు. గుర్తు ఏంటంటే తెలుగులో చివర "ఓ" వస్తే, అంటే ఏడుస్తున్నావో, వెళ్ళాడో, వచ్చారో అని వస్తే, ఇంగ్లీషులో మామూలు వాక్యం వరసే ఉంచెయ్యాలి. మా దగ్గర ఒకమ్మాయి నోట్సులో ఆ "ఓ" చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకునేది, రెండు వారాల్లో ఆ తప్పు మానేసింది.

మూడోది "వై బికాజ్". మన "ఎందుకంటే"లో ఎందుకు ఉంది కాబట్టి నోటికి అలా వచ్చేస్తుంది, కానీ ఇంగ్లీషులో బికాజ్ ఒక్కటే చాలు. ఇంటర్వ్యూలో ఇది వెంటనే పట్టేస్తారు, అందుకే ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డ్ చేసుకుని వినండి, ఎన్నిసార్లు అన్నారో మీకే తెలుస్తుంది.

తర్వాత మర్యాద. ఇంటికొచ్చిన మనిషిని "ఎందుకొచ్చారు?" అని మొహం మీద అడగం కదా, "వై డిడ్ యు కమ్?" కూడా అంతే గుచ్చుకుంటుంది, "వాట్ బ్రింగ్స్ యు హియర్?" అనండి. అదే "వై డోంట్ యు సిట్?" అంటే మాత్రం నిలదీయడం కాదు, "కూర్చోరాదూ" అని ప్రేమగా అనడం.

తిరగెయ్యడం ఇంకా అలవాటు కాకపోతే, స్నేహితులతో వైకి బదులు "హౌ కమ్" వాడి చూడండి. "హౌ కమ్ యు ఆర్ లేట్?" అంటే సరైన ఇంగ్లీషే, అక్కడ యు ఆర్ ఉన్నచోటే ఉంటుంది. ఆఫీసు మెయిల్లో మాత్రం వై రాయండి.